చెల్లని ప్రతి

ఆదివారం మధ్యాహ్నం పప్పుకు పోపు పెడుతుండగా దమయంతికి ఛాతీ లోపల ఏదో జారింది. నొప్పి కాదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేకపోయినప్పుడు కలిగే ఉలికిపాటు లాంటిది. గరిట వదలకుండానే ఫోను తీసింది.

"పైడిరాజూ, రెండో లైన్లో ఎవరున్నారు?"

"కొత్తమ్మాయి మేడమ్. ఏటయింది?"

"మూత పడని సీసాల మీదుగా చెయ్యి చాపింది. ఇప్పుడే. చూడు."

అతను అద్దం గోడ దగ్గరికి నడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత లోపలి మైకులో ఎవరినో ఆగమంటున్న గొంతు.

"నిజమే మేడమ్. చాపింది. ఆ సీసాలు పక్కకి తీయించేస్తున్నాను. మీ పోపు చిటపటలు ఇక్కడిదాకా వినబడిపోతన్నాయి, ఇంక మీరు కానివ్వండి."

ఫోను పెట్టేసరికి జారినది తిరిగి తన చోట సర్దుకుంది. ఆ సర్దుకోవడంలో చిన్న సుఖం ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ముందు గదిలో సన్యాసిరావు పాత ఫ్యానుకు వైండింగ్ చేస్తూ కూర్చున్నాడు. రాగి తీగ అతని వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా సాగుతోంది. "పుట్టింటివారేటి?" అన్నాడు తల ఎత్తకుండా. కంపెనీ నుంచి ఏ కబురు వచ్చినా, ఇక్కడి నుంచి ఏ కబురు వెళ్ళినా, అతను అలాగే అంటాడు.

"పుట్టింటివారే. మీకు నెయ్యి వేయనా?"

"వాళ్ళకి పెట్టగా మిగిల్తే వెయ్యి."

దమయంతి పనిచేసేది విశాఖపట్నం ఊరి బయట, ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో. సీసాల్లో మందు నింపే గదిలో శుద్ధి చేసిన గాలి పైకప్పు నుంచి నిటారుగా కిందికి దిగుతుంది. ఆ గాలి ముందుగా సీసానే తాకాలి. మధ్యలో మనిషి చెయ్యి అడ్డొస్తే, చేతిని తాకిన గాలే సీసాలోకి పోతుంది. చేతికి ఎన్ని తొడుగులున్నా చెయ్యి చెయ్యే. కాబట్టి ఆ గదిలో ఎలా నిలబడాలో, ఎలా వంగాలో, ఎంత నెమ్మదిగా కదలాలో అంతా రాసిపెట్టిన ఒక పద్ధతి ఉంది.

ఇలాంటి ప్రతి పద్ధతికీ మొదటి పేజీలో 'యజమాని' అన్న గడి ఉంటుంది. పద్ధతి సరిగ్గా ఉందా, జనం దాన్ని పాటిస్తున్నారా, ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆ యజమాని పూచీ. చాలాకాలం ఆ గడిలో 'ఉత్పత్తి విభాగం' అని ఉండేది. విభాగానికి నిద్ర పట్టకపోవడం అంటూ ఉండదు. ఒకసారి పెద్ద మొత్తంలో మందు చెడిపోయి పారబోయవలసి వచ్చినప్పుడు, ఈ పద్ధతి ఎవరిది అని అడిగితే అందరూ పక్కవాడి వైపు చూశారు. క్వాలిటీ విభాగం పెద్ద ప్రభాకరం గారు ఆ రోజే తీర్మానించుకున్నారు: గడిలో మనిషి పేరు ఉండాలి. పేరు ఉంటే చాలదు, ఆ మనిషికి పట్టాలి.

ఆ పట్టింపును తయారుచేసి ఇస్తామని బీచ్ రోడ్డులోని మనోవిజ్ఞాన ప్రయోగశాల ముందుకొచ్చింది. చెవి వెనక చర్మం కింద నువ్వు గింజంత పరికరం. కంపెనీలో దాన్ని ముడి అనేవారు. గదిలోని కెమెరాలూ గాలి కొలిచే యంత్రాలూ తప్పును పసిగట్టగానే ముడి ఆ సంగతి యజమాని మనసుకు చేరుస్తుంది. చేరుస్తుంది సరే, ఏ రూపంలో?

"కొత్త భావాన్ని పుట్టించడం మాకు చేతకాదమ్మా," అంది డాక్టర్ రుక్సానా, మొదటిసారి దమయంతిని కూర్చోబెట్టుకుని. "మీలో ఉన్నదాన్నే అరువు తెచ్చుకోవాలి. ఏదో జరగబోతోందని మీకు ముందే తెలిసిపోయే విషయం ఏదైనా ఉందా? కొందరికి గ్యాసు కట్టలేదేమోనన్న అనుమానం. ఒకాయనకు తాళం. అలాంటిది."

దమయంతి వెతుక్కోనక్కర్లేకపోయింది. "మా ఆయనకు మూర్ఛ వస్తుందండి. వచ్చే ముందు నాకు తెలుస్తుంది."

"ఎలా?"

"తెలుస్తుంది, అంతే."

"ముఖంలో ఏదైనా మార్పు కనిపిస్తుందా?"

"ఆయన అటు తిరిగి ఉన్నా తెలుస్తుంది. నేను వంటింట్లో ఉన్నా తెలుస్తుంది. వెళ్ళి వెనక నిలబడతాను. అప్పుడు వస్తుంది."

రుక్సానా రాసుకోవడం ఆపి ఆమె వైపు చూసింది. తర్వాత చాలా రోజులు దమయంతి తలకు తీగలు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ఆ క్షణాలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంది. యంత్రం ఆ జారుడు ఆకారాన్ని నేర్చుకుంది. దాన్ని నింపే గదికి ముడివేశారు.

ముడి పడిన రోజు మొదటి పేజీ మీద తన పేరు చూసుకుని దమయంతి ఆ కాగితాన్ని తిరిగి ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేసింది. ఇంట్లో ఇన్నేళ్ళుగా తను చేస్తున్న కాపలాకు పేరు లేదు. అది పని అని ఎవరూ అనలేదు, తనూ అనుకోలేదు. అదే కాపలాకు ఇక్కడ హోదా ఉంది. ఆ సంతోషం సరైనది కాదేమో అనిపించింది. అయినా సంతోషమే.

నింపే గదిలో తప్పులు తగ్గాయి. ప్రభాకరం గారు సమావేశాల్లో ఆమె పేరు చెప్పసాగారు.

అలా ఉండగా ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే గుండె జారింది. ఆమె ఫోను తీసింది.

"ఏం లేదు మేడమ్. అందరూ పద్ధతిగానే ఉన్నారు," అన్నాడు పైడిరాజు.

"మళ్ళీ చూడు."

"చూసేను మేడమ్. సీసాలే లేవు లైన్లో. సబ్బు కడుగుడు నడుస్తంది."

"లేకపోవడమేంటి, నాకు ఇంత గట్టిగా తెలుస్తుంటే? మూల కెమెరా పెట్టి చూడు, పైడిరాజూ, నీకు దండం పెడతాను—"

వెనక స్టూలు పడిన చప్పుడైంది.

సన్యాసిరావు నేల మీద కొట్టుకుంటున్నాడు. టంకం వేసే కడ్డీ అతని ముంజేతి కింద ఉంది. చర్మం కాలుతున్న వాసన వచ్చేదాకా ఆమెకు అది కనిపించలేదు.

అతను తేరుకున్నాక, ఎప్పటిలాగే చిన్నపిల్లాడి గొంతుతో, "ఎక్కడికెళ్ళేవు?" అని అడిగాడు. మూర్ఛ తర్వాత అతను అడిగే మొదటి ప్రశ్న అదే. ఇన్నేళ్ళూ ఆమె "ఇక్కడే ఉన్నానండీ" అనేది. ఆ రోజు కూడా ఆమె ఆ గదిలోనే ఉంది. కానీ ఆ మాట నోట రాలేదు.

మర్నాడు ప్రభాకరం గారి గదికి వెళ్ళి పేరు తీసేయమంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు. మంచి మనిషి. కాలిన చెయ్యి గురించి రెండుసార్లు అడిగారు. "కానీ దమయంతమ్మా, యజమాని లేని పద్ధతి ఒక్క పూట కూడా ఉండకూడదు. ఇంకో పేరు ఎక్కితేగానీ మీ పేరు దిగదు."

పైడిరాజు ఒప్పుకున్నాడు. షిఫ్టు ఇన్‌ఛార్జి, ముప్పై దాటినవాడు, అనకాపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటాడు. "మూడు ముళ్ళకి మావాళ్ళు తిరుగుతానే ఉన్నారు, ముందీ ఒక్క ముడీ పడనీండి," అన్నాడు. తీరా ప్రయోగశాలకు వెళ్ళాక చిక్కు వచ్చింది. అరువు తీసుకోవడానికి అతని దగ్గర ఏమీ దొరకలేదు.

"తాళం?" అంది రుక్సానా.

"ఎయ్యను మేడమ్. దొంగొస్తే ఆడే ఏటైనా పెట్టి పోవాలి."

"ఇంట్లో ఎవరి గురించైనా?"

"ఎవలూ లేరు." ఆ మాట నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు ప్రభాకరం గారు తనకు అలవాటైన దారి చూపించారు. "కొత్తగా రాయడం ఎందుకండీ? పద్ధతి చేతులు మారితే మనమేం చేస్తాం? విషయం యథాతథంగా ఉంచి, యజమాని పేరు మార్చి, తర్వాతి కూర్పు అంటాం. దమయంతమ్మ గారిది నడుస్తున్న ప్రతి. దాన్నే ఎక్కించండి."

రుక్సానా తటపటాయించింది. కుదరదనడానికి కారణం కనిపించక సరేనంది.

ఆ అలవాటుకు రెండో సగం ఉంది. కొత్త ప్రతి అమల్లోకి వచ్చిన రోజే పాత ప్రతులన్నీ వెనక్కి తీసుకుని, చెల్లదని ముద్ర వేసి, చించేయాలి. ఒకే పద్ధతికి రెండు ప్రతులు తిరుగుతుండడం కన్నా పెద్ద తప్పు వాళ్ళ లోకంలో లేదు. దమయంతి స్వయంగా తన ఉద్యోగంలో ఎన్ని పాత ప్రతులు ఏరి తెచ్చి చించిందో. గోడకు అంటించినవి, సొరుగు అడుగున దాచుకున్నవి, ఎవరో జేబులో మడిచి పెట్టుకున్నవి. అందుకే "పాత ప్రతి ఎక్కడా మిగలకూడదు కదా" అని ప్రభాకరం గారు అన్నప్పుడు, ఆమె "అవునండి, తీసేయండి" అంది. ఆ గదిలో ఎవరికీ ఆ మాట తప్పుగా వినిపించలేదు. వాళ్ళందరూ తమ పని తెలిసినవాళ్ళు.

తర్వాత కొన్నాళ్ళు ఎంతో తేలిగ్గా గడిచాయి. బస్సులో నిద్రపోయింది. సినిమా మొదటి నుంచి చివరి దాకా చూసింది. ముఖం తేటపడిందని పక్కింటావిడ అంది.

ఒక ఉదయం సన్యాసిరావు పేపరు చదువుతున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతని తల గోడకు తగిలిన చప్పుడుకు కళ్ళెత్తింది.

చేతులకు అంతా గుర్తుంది. పక్కకు తిప్పాయి, చొక్కా గుండీ విప్పాయి, తల కింద తుండు పెట్టాయి. లోపల మాత్రం ఏదీ జారలేదు. వీధిలో ఎవరో పడిపోతే ఆగి సాయం చేసినట్టుంది. అతని నోటి మూల నురగను తుడుస్తూ ఆమె తనను తాను గమనించుకుంది. భయం వేయలేదు. భయం వేయనందుకు భయం వేయాలి కదా అనుకుంది. అదీ వేయలేదు. ఇన్నేళ్ళ తమ కాపురంలో ప్రేమ అని తాను అనుకున్నదాంట్లో ఈ భయం వాటా ఎంత? దాన్ని తీసేస్తే ఏం మిగిలింది? వెతికితే ఏమీ కనిపించదేమోనని వెతకడం ఆపేసింది.

ప్రయోగశాలకు వెళ్ళి అడిగితే రుక్సానా దాచలేదు. "ముడి ఒక్కటీ విప్పితే సరిపోయేది. కానీ పాత ప్రతి తీసేయాలన్నారు, తీసేశాను. దాన్ని నేను కూడా కాగితంలాగే చూశాను." ఆమె ముందున్న కాగితాన్ని పక్కకు తోసింది. "తిరిగి ఇవ్వగలను దమయంతిగారూ. పైడిరాజు నుంచి తీసి మీకు పెట్టాలి. కానీ అది నింపే గదితో పూర్తిగా పెనవేసుకుపోయింది. రెండింటినీ విడదీయడం నాకు తెలియదు. తీసుకుంటే రెండూ తీసుకోవాలి."

"అతనికి?"

"అతనికి ఏమీ మిగలదు. ముందున్నట్టే ఉంటాడు."

ఆలోచించుకుంటానని వచ్చేసింది. ఆలోచించడానికి కూడా ఏదో ఒకటి లోపల కదలాలని ఆమెకు అప్పుడే తెలిసింది.

తర్వాతి సెలవు రోజున పైడిరాజు వాళ్ళింటికి వచ్చాడు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం. గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"ఏటనుకోకండి మేడమ్. సార్ ఎలాగున్నారో చూసి పోదామని."

"మా ఆయన నీకు తెలియదు కదా?"

"తెలీదండి." అతను ఇబ్బందిగా నవ్వాడు. "లైన్లో ఏం లేకపోయినా ఒక్కోసారి గుండె జారిపోతంది. అప్పుడు ఎవలిదో మెడ కనబడతాది. వెనకనుంచి. ఎడం పక్క పుట్టుమచ్చ."

ముందు గదిలో ఇటు వీపు పెట్టి కూర్చున్న సన్యాసిరావును చూడగానే అతని అడుగు ఆగిపోయింది. "ఈ మెడే," అన్నాడు చిన్నగా.

"ఎవలది మెడ? తాకట్టు పెట్టేస్తన్నారేటి?" అన్నాడు సన్యాసిరావు వెనక్కి తిరుగుతూ. "రా తమ్ముడూ. పుట్టింటివారు సారె కూడా తెచ్చేరే! దమయంతీ, టీ పెట్టు."

ఇద్దరూ ఫ్యాన్ల గురించి మాట్లాడుకున్నారు. పైడిరాజు గదిలోని ఫ్యాను తిరుగుతూ కీచుమంటుందట. "ఒంటరోడివి కదా, కబుర్లు చెప్తంది. బాగుచెయ్యకు," అన్నాడు సన్యాసిరావు. పైడిరాజు పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో గ్లాసు కింద పెట్టేశాడు. లేచాడు. బల్లను చుట్టి వెళ్ళి సన్యాసిరావు వెనక నిలబడి, రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు. దమయంతి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ నడక తనది. ఆ నిలబడడం తనది. తను ఎలా ఉండేదో ఆమె మొదటిసారి బయట నుంచి చూసింది.

అప్పుడు మూర్ఛ వచ్చింది. సన్యాసిరావు తల ఎక్కడా తగలకుండా నేలకు దిగాడు.

అంతా సద్దుమణిగాక ఆమె అడిగింది. "ఎలా తెలిసింది? ఏం చూశావు? చెప్పు, నేను నేర్చుకుంటాను."

"ఏం చూళ్ళేదు మేడమ్. తెలిసింది, అంతే." అతను ముఖం తుడుచుకున్నాడు. "డాక్టరమ్మ చెప్పేరు. ఇది మీదేనట. తిరిగిచ్చేయమంటే ఇచ్చేస్తాను. మీ ఇంటి వస్తువు నా దగ్గరుంచుకోడం తప్పు కదా." నేల వైపు చూస్తూ అన్నాడు. "కానీ ఒక్క మాట అక్కా. ఇదివరకు డ్యూటీ దిగి గదికెళ్తే గోడలే. ఇప్పుడు ఒక మనిషి ఎలాగున్నాడో అని కంగారు. ఆ కంగారుంటే గది ఇల్లులాగున్నాది."

దమయంతి లోలోపల తూచి చూసుకుంది. ఇవ్వు అంటే అతనికి గోడలు. వద్దంటే తనకు, ఎదురుగా పడివున్న ఈ మనిషి పరాయివాడు.

"నన్నెవలూ అడగరేటి?"

సన్యాసిరావు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పటి నుంచి వింటున్నాడో. పైకి లేవబోతే దమయంతి వెళ్ళి పట్టుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నా రోగానికి ఇన్నాళ్ళూ యజమానివి నువ్వు. ఇప్పుడీ తమ్ముడు. రేపు మళ్ళీ నువ్వు. రోగం పడుతున్నది నేను కదే, నా పేరు ఎక్కడా రాయరా?"

"మీకు ముందుగా తెలియదు కదండీ."

"తెలుస్తాది."

ఆమె చెయ్యి అతని భుజం మీదే ఆగిపోయింది.

"సున్నం వాసనొస్తాది. కొత్తగా సున్నం కొట్టిన గోడ ఉంటాది చూడు, తడిగా, చల్లగా, ఆ వాసన. చుట్టుపక్కల ఎక్కడా సున్నం ఉండదు. అదొచ్చిన కాసేపటికి ఇది."

"ఎప్పటి నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఒక్కనాడూ చెప్పలేదేంటండీ!" అరిచినంత పని చేసింది.

"చెప్పేలోగా నువ్వు వచ్చేసేదానివి." అతను కాలిన మచ్చను బొటనవేలితో రాసుకున్నాడు. "వెనక నీ కాళ్ళ చప్పుడు వినబడేది. ఇంక చెప్పడమెందుకు? చెప్పేస్తే నువ్వు అలాగ నీ అంతట నువ్వు రావు కదా. పిలిస్తే వస్తావు. పిలవకుండా నువ్వు రావడం నాకు బాగుండేది."

"మరి చెయ్యి కాలిన రోజు?"

"వాసనొచ్చింది. వస్తావులే అని కూర్చున్నాను."

పైడిరాజు లేచి, చప్పుడు చేయకుండా వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆ వారం దమయంతి రుక్సానాకు ఫోను చేసి తిరిగి వద్దంది. ఎందుకని రుక్సానా అడిగింది. దమయంతి పూర్తిగా చెప్పలేకపోయింది. ఆ భయం నాదే అనుకున్నాను, అందులో ఆయన వాటా కూడా ఉందని తెలియదు, అంది. పైడిరాజుకు కూడా చెప్పింది: గుండె జారి, లైన్లో ఏమీ కనిపించకపోతే కంగారుపడకు, ఇంటికి ఫోను చెయ్యి, లేదంటే వచ్చి టీ తాగి పో. అతను రెండోదే ఎక్కువగా చేస్తున్నాడు.

సన్యాసిరావు మాత్రం చెప్పలేకపోయాడు. తర్వాతిసారి వాసన వచ్చినా నోరు మెదపలేదు. పడిపోయాక, "అలవాటు లేదే, సిగ్గేసింది," అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. చాలాకాలానికి అతని విషయంలో ఆమెకు లోపల కదిలినది ఆ కోపమే. అది వచ్చినందుకు ఆ పూటంతా ఆమె ఆశ్చర్యపోతూ ఉంది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో పాత చీర అంచు కుడుతోంది. లోపల తీగ చుట్టే యంత్రం ఆగింది.

"దమయంతీ."

"ఏంటండీ?"

స్టూలు కిర్రుమన్న చప్పుడైంది. తర్వాత, ఎవరినో అప్పు అడుగుతున్నట్టు మొహమాటంగా, "వాసనొస్తంది," అన్నాడు.

ఆమె సూదిని గుడ్డకు గుచ్చి లేచింది. లోపల ఏదీ జారలేదు. పరుగెత్తలేదు కూడా. కడ్డీ తీగ ప్లగ్గులోంచి లాగింది. స్టూలు పక్కకు జరిపింది. చాప పరిచింది, తలగడ తెచ్చింది. అతను వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

ఇంకా రాలేదు.

ఇన్నేళ్ళలో ఈ క్షణంలో అతని ముఖం ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. పరీక్ష హాల్లోకి పంపే ముందు పిల్లవాడి ముఖంలా ఉంది. కనురెప్పలు ఎక్కువసార్లు పడుతున్నాయి.

"భయమేస్తుందా?" అని అడిగింది.

"ఏస్తాది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీని."

ఆమె అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఇంకా కొంచెం టైముంది," అన్నాడు సన్యాసిరావు.

"ఉండనీండి," అంది దమయంతి.